ప్రత్యక్షప్రమాణము లేని దైవోక్తికి అర్థము కలదా?

"దైవము దయామయుడు" అని మనము ప్రార్థనలలో నిత్యము పలుకుచుందుము. బందరు తీరమున నేడు పోటు హెచ్చినదని యెవరైన చెప్పినచో వెళ్ళి చూచి నిశ్చయింపవచ్చును. గుడివాడ చేలలో పంట తగ్గినదన్నచో ధాన్యము కొలిచి తేల్చవచ్చును. దైవము దయను ఏ కుంచముతో కొలువగలము? కొలువ వీలుకాని మాట వట్టి శబ్దమా? ఈ ప్రశ్నను నాస్తికుల కుతర్కమని త్రోసిపుచ్చుట వివేకులకు తగదు.

1936లో ఆంగ్ల తత్త్వవేత్త ఏయరు ఈ శంకనే సిద్ధాంతముగ ప్రకటించెను. నిర్వచనముచేతనే నిజమైనదియో, అనుభవముచే పరీక్షింపదగినదియో కాని వాక్యమునకు అర్థము లేదని యాతని మతము. ఆ సిద్ధాంతవాక్యమే యీ రెండు తెగలలో దేనిలోను చేరదని పలువురు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. కాని దానితో మన బాధ్యత తీరదు. వాదమున నెగ్గిన మాటకు జీవితమునను అర్థము దొరకవలయును గదా!

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. పదివేలకు పైగా జనులు మరణించిరి. అట్టి రాత్రి చెట్టుకొమ్మ పట్టుకొని బ్రతికినవాడు "దేవుడు నన్ను రక్షించెను" అనుట సహజము. కృతజ్ఞతచే ఆ మాట పలికిన దోషము లేదు. జరిగినదానికి కారణముగ చెప్పెనేని, బిడ్డ చేయి జారి నీట పోయిన తల్లికి సమాధానము చెప్పవలసియుండును. "నా బిడ్డనేల రక్షింపడయ్యెను?" అని యామె యడుగును. "అదియు నాతని దయయే" యందుమా? బ్రతికినను దయయే, చచ్చినను దయయే యైనచో ఆ మాట యేమియు చెప్పుట లేదు. ఉప్పెనకు కారణము పెనుగాలి త్రోసిన సముద్రజలమును, పల్లపు తీరమును. అట్టిచోట దైవనామమును సాక్ష్యముగ నిలుపుట సత్యమునకును, ఆ తల్లి దుఃఖమునకును అపచారము.

అయినను దైవోక్తులన్నియు వార్తలు కావు. దత్తత చేసికొనువాడు పదిమంది యెదుట "నేటినుండి వీడు నా కుమారుడు" అనును. రక్తమును పరీక్షించిన ఆ మాటకు రుజువు దొరకదు. అంతమాత్రమున నది నిరర్థకమా? కాదు, అది వ్రతము. పిల్లవానికి అన్నము పెట్టి, చదువు చెప్పించి, ఆస్తిలో పాలొసగినచో ఆ మాట నిండును. వానిని వాకిటనే నిలిపినచో డొల్లయగును. "మానవులందరు నొక్క తండ్రి బిడ్డలు" అనునదియు నిట్టిదే. ఇట్లు పలుకుచు, భోజనపంక్తిలో నొకనిని వేరుగ కూర్చుండబెట్టువాడు ఏ నాస్తికునికంటెను ముందుగ ఆ వాక్యమును అర్థహీనము గావించినవాడు.

"ఆచరణయే ప్రధానమైనచో దైవనామమేల?" అందురేమో. 1862లో బందరున జన్మించిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు ఏకేశ్వరుని నమ్మి కాకినాడలో అనాథబాలలను పోషించిరి. గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, దైవనామము లేకయే అస్పృశ్యతతో పోరాడిరి. కావున సదాచారము ఆస్తికుల సొత్తు కాదు. ఆచరణ దైవాస్తిత్వమునకు రుజువును గాదు. ఈ రెంటిని నిష్కపటముగ నొప్పుకొందము. అర్థము వేరు, రుజువు వేరు. ఆచరణ చూపునది మొదటిదానినే. దైవనామము నమ్మినవానికి చేయునదేమన, తాను చేయు మేలు తన చిత్తము వచ్చినప్పుడిచ్చు దానము గాదనియు, తప్పక తీర్పవలసిన ఋణమనియు గుర్తుచేయుట.

సోదరులారా! ప్రమాణమడిగినవానిపై కోపింపకుడు. వార్తగ చెప్పునపుడు సాక్ష్యము చూపుడు. లేకున్న మౌనము వహింపుడు. వ్రతముగ చెప్పునపుడు నడవడి చూపుడు. దివిసీమ తల్లి యెదుట పలుకజాలని మాటను ప్రార్థనామందిరమునను పలుకకుందము గాక.