ఇచ్చినది ఎవరి సొత్తు? ఆసుపత్రి, ఋణం, పాలనధర్మం

ఒక ఊరికి ఆసుపత్రి ఏర్పడిన తరువాత దానిని ఎత్తివేసే అధికారం, కట్టించినవారికి గాని నడుపుతున్నవారికి గాని, ధర్మం దృష్టిలో ఉన్నదా అన్న ప్రశ్న పైకి ఆదాయవ్యయాలకు సంబంధించినదిగా కనిపించినా, దాని మూలం దానమంటే ఏమిటి, ఋణమంటే ఏమిటి అన్న పాత విచారంలో ఉన్నది. వైద్యం దానమైతే దాత దయ ఉన్నంతవరకే అది సాగుతుంది. దయ సన్నగిల్లినప్పుడో డబ్బు చాలనప్పుడో దానిని ఆపివేసినవాడు కఠినుడనిపించుకుంటాడు గాని అన్యాయం చేసినవాడు కాడు. వైద్యం ఋణమైతే ఆసుపత్రిని మూసివేయడం బాకీ ఎగవేయడమే అవుతుంది. దానిని నిలబెట్టమని దీక్షకు కూర్చున్న జనం తమకు రావలసినది అడుగుతున్నవారవుతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఆసుపత్రి కోసం, ఉన్న ఆసుపత్రిలో వైద్యుడి కోసం ప్రజలు ఏళ్ల తరబడి చేస్తూ వచ్చిన ఆందోళనలు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాయో తేల్చడానికే ఈ విచారణ.

ఇందుకు తొలి ఆధారం ఈ నేలకు చేరువలోనే రాతిమీద ఉన్నది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాలోకి వెళితే, ఋషికుల్య నది తీరాన జౌగడ వద్ద క్రీ.పూ. 3వ శతాబ్దినాటి అశోకుని శాసనాలు కనిపిస్తాయి. నేటి శ్రీకాకుళం ప్రాంతం కూడా ప్రాచీన కళింగలో భాగమే. జౌగడ శాసనాలలో రెండవది, తన రాజ్యమంతటా, దక్షిణాన చోళ పాండ్యాది దేశాలలో సైతం, మనుషులకు ఒకటి, పశువులకు ఒకటి చొప్పున రెండు విధాల చికిత్సను రాజు ఏర్పాటు చేశాడని, మందుమొక్కలు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించాడని, దారుల వెంట బావులు తవ్వించాడని చెబుతుంది. ఆరవ శాసనంలో, తాను ఇంత శ్రమించడానికి కారణం ప్రాణులపట్ల ఉన్న ఋణం తీర్చుకోవడమేనని రాజే చెప్పుకుంటాడు. కళింగ యుద్ధంలో చచ్చినవారి లెక్క, చెరపట్టిన లక్షన్నర మంది లెక్క చెప్పే పదమూడవ శాసనాన్ని మాత్రం కళింగలోని ధౌలిలో గాని జౌగడలో గాని చెక్కించలేదు. తన కత్తికి బలైన దేశంలో ఆ రాజు యుద్ధం మాట దాచి ఋణం మాట రాయించడం పశ్చాత్తాపమా రాజనీతా అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం. రాజు ప్రజలకు బాకీపడి ఉంటాడన్న భావన ఇరవై రెండు శతాబ్దాలకు పూర్వమే ఈ ప్రాంతపు రాతికెక్కింది అన్నంతవరకు సందేహం లేదు.

ధర్మశాస్త్రాలు ఇదే విషయాన్ని మరొక దారిన పట్టుకున్నాయి. అవి పుణ్యకర్మలను ఇష్టమని, పూర్తమని రెండుగా విభజించాయి. యజ్ఞయాగాదులు ఇష్టం, చెరువులు, బావులు, సత్రాలు, తోటలు వంటి లోకోపకార నిర్మాణాలు పూర్తం. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి తన చతుర్వర్గచింతామణిలోని దానఖండంలో నందిపురాణాన్ని ఉదాహరిస్తూ, వైద్యుడితో, ఔషధాలతో కూడిన ఆరోగ్యశాల నిర్మాణాన్ని కూడా ఈ మహాపుణ్యాల వరుసలోనే చేర్చాడు. అయితే ఈ చర్చకు అంతకన్నా ముఖ్యమైనది దానానికి, ఉత్సర్గానికి మధ్య శాస్త్రకారులు చూపిన భేదం. దానంలో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ ఉంటారు. వస్తువు ఒకరి స్వామ్యంలోంచి, అంటే యాజమాన్యంలోంచి, మరొకరి స్వామ్యంలోకి వెళుతుంది. ఉత్సర్గం అంటే సర్వప్రాణుల కోసం స్వామ్యాన్ని విడిచిపెట్టడం. ఇందులో ఫలానావాడు పుచ్చుకున్నాడని చెప్పడానికి లేదు. చెరువు తవ్వించి ఉత్సర్గం చేసినవాడు ఆ నీటిని తానూ తాగవచ్చు గాని, పదిమందిలో ఒకడిగా తాగాలి తప్ప యజమానిగా కాదు. అందులోంచి తప్పుకోవడానికి, దానిని పూడ్చివేయడానికి అతనికి మిగిలిన హక్కంటూ ఏదీ లేదు. రోగులందరి కోసం తలుపులు తెరిచిన ఆసుపత్రిని ఈ రెండింటిలో దేనితో పోల్చాలన్న ప్రశ్నకు సమాధానం కష్టమైనది కాదు. ఆ తలుపు ఫలానా రోగి పేర తెరవలేదు, పుట్టబోయేవారి పేర కూడా తెరిచారు. అందువల్ల దానిని ఉత్సర్గంగానే పరిగణించాలి.

తెలుగునాట శాసనాలు ఈ సిద్ధాంతాన్ని ఆచరణలో చూపుతాయి. క్రీ.శ. 1261 నాటి మల్కాపురం శాసనం, కాకతీయ రాజులు మందడం, వెలగపూడి గ్రామాలను విశ్వేశ్వర శివాచార్యులకు సమర్పించిన సంగతిని, ఆ ఆదాయంతో నడిచే వ్యవస్థలలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా ఉండటాన్ని నమోదు చేసింది. నేడు రాష్ట్ర సచివాలయం నిలిచి ఉన్నది ఆ వెలగపూడిలోనే. అక్కడ కూర్చుని ఆసుపత్రుల భవితవ్యం నిర్ణయించేవారు ఆ శాసనాన్ని ఒకసారి చదవడం మంచిది. ఇలాంటి శాసనాలు సాధారణంగా ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం, చెల్లవలసిన ధర్మంగా తమ దానాన్ని ప్రకటిస్తాయి. తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా అపహరించినవాడికి పట్టే దుర్గతిని చివర శాపంగా చెబుతాయి. తానిచ్చినదానిని తానే వెనక్కి తీసుకోవడం కూడా అపహరణే అన్నమాట ఆ శాపంలోనే ఉన్నది. ఇవ్వడానికి, ఇచ్చినదానిని పాలించడానికి మధ్య పాలనమే శ్రేష్ఠమన్నది కూడా ఆ శాసనకర్తలకు పరిపాటి అయిన మాట. పాలనమంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మం ఆలయంలోని శాసనాలను చూస్తే తెలుస్తుంది. అక్కడ అఖండదీపాల కోసం చేసిన దానాలు ఎన్నో ఉన్నాయి. దీపస్తంభం ఇచ్చి ఊరుకుంటే దీపం వెలగదు గనుక, రోజూ నెయ్యి అందే ఏర్పాటును కూడా దానంలో భాగంగానే చూశారు. ఆసుపత్రి విషయంలో ఆ నెయ్యి జీతాలు, మందులు, రక్తం, విద్యుత్తు. భవనానికి శిలాఫలకం వేసి, వీటిని ఏ ఏటికాయేడు దయతలచి ఇచ్చే పద్దులుగా ఉంచినప్పుడు, ఆ దానం మొదటినుంచీ అసంపూర్ణమే.

ఈ ధర్మం ఒక మతానికే పరిమితమని అనుకోనక్కరలేదు. ఇస్లాంలో వక్ఫ్ చేసిన ఆస్తిపై దాతకు తిరిగి హక్కు రాదు. క్రైస్తవుల విషయానికి వస్తే, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ నడిపిన ఆరోగ్యవరం కంటి ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ దశాబ్దాలపాటు శుక్లాలు తీసి చూపునిచ్చారు. స్వదేశంలో ఆయన చెప్పిన సంగతులు విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి కదిలిపోయి 1963లో కాల్గరీ నగరంలో స్థాపించిన ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ ఆ తరువాత అనేక దేశాలకు విస్తరించింది. సోంపేట పేదల కళ్లు ఒక ప్రపంచ సంస్థకు పుట్టుక ఇచ్చాయని చెప్పడంలో అతిశయోక్తి లేదు. అప్పుడు దాత ఎవరు, గ్రహీత ఎవరు అన్న విభజనే చెదిరిపోతుంది. ఏ ఆసుపత్రి అయినా తన దగ్గరికి వచ్చిన రోగుల నమ్మకంతో, వారి దేహాలమీద వైద్యులు నేర్చిన విద్యతో పెరుగుతుంది. కాబట్టి కట్టించినవారి డబ్బుతోపాటు ఊరివారి పెట్టుబడి కూడా అందులో ఉన్నది.

ఇక్కడ కర్మ సిద్ధాంతం పేరిట ఒక ఆక్షేపణ వస్తుంది. రోగం పూర్వకర్మ ఫలమైతే, దానిని అనుభవించవలసినవాడు రోగి ఒక్కడే గనుక, ఇతరులు అతనికి బాకీపడటం ఎలా పొసగుతుందని అడిగేవారున్నారు. ఈ ఆక్షేపణకు ఆయుర్వేదమే సమాధానం చెప్పింది. చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయం, ఆయుర్దాయం పూర్తిగా నియతమైతే చికిత్సకే అర్థం ఉండదని వాదించి, దైవం, పురుషకారం, అంటే మానవ ప్రయత్నం, రెండూ కలిసి ఆయువును నిర్ణయిస్తాయని తేలుస్తుంది. ఆ అధ్యాయపు ముఖ్యవిషయం జనపదోద్ధ్వంసం, అనగా ఒక ప్రాంతమంతా ఒకేసారి రోగగ్రస్తమై నశించడం. ప్రకృతి, ఆహారం, వయసు వేరువేరుగా ఉన్న మనుషులు ఒకే వ్యాధితో ఎలా పడిపోతారని అగ్నివేశుడు అడిగితే, గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడివి గనుక అవి చెడినప్పుడు అలా జరుగుతుందని ఆత్రేయుడు వివరిస్తాడు. వాటి చెడుగుకు మూలం అధర్మమని, అది దేశానికి, నగరానికి ప్రధానులైనవారితో మొదలై కిందికి పాకుతుందని కూడా అంటాడు. ఆ విపత్తు రాకముందే, భూమిలో సారం ఉండగానే మందులు సేకరించి ఉంచుకోవాలన్నది ఆయన మరో హెచ్చరిక. ఉమ్మడి కారణంతో వచ్చిన రోగానికి ఒంటరి రోగిని బాధ్యుడిని చేయకూడదన్న న్యాయం ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం ఈ అధ్యాయానికి నేటి వ్యాఖ్యానంలా నిలుస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని కొబ్బరి, జీడి తోటల మధ్య, మధుమేహం గాని అధిక రక్తపోటు గాని లేనివారిలో కూడా మూత్రపిండాలు మెల్లగా పనిచేయడం మానివేసే జబ్బు తరాన్ని దాటి తరానికి వ్యాపించింది. నీటిలోని సిలికా, ఎండలో పొలంపనివల్ల ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పిమాత్రల వాడకం వంటి అనేక ఊహలు పరిశోధకులు ముందుకు తెచ్చారు గాని కారణం నేటికీ తేలలేదు. రక్తశుద్ధి, అంటే డయాలసిస్, అవసరమైన రోగి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడత సుమారు నాలుగు గంటలపాటు యంత్రానికి అతుక్కుని ఉండాలి. ఆ యంత్రం పలాసకు దాదాపు 200 కిలోమీటర్ల దూరాన విశాఖపట్నంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఉంటే, కూలికి వెళ్లే కుటుంబానికి ప్రయాణమే రెండో జబ్బు అవుతుంది. ఇక్కడి ప్రజలు ఏళ్ల తరబడి ఊరేగింపులు తీశారు, వినతిపత్రాలు ఇచ్చారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడి, 2018 మే నెలలో శ్రీకాకుళంలో ఒకరోజు నిరాహారదీక్ష చేశారు; సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి; 2019 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేసిన 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం పల్లెలకు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఏ నాయకుడికి ఎంత ఖ్యాతి చెందాలన్న తగాదా ఈ వ్యాసానికి అవసరం లేదు. ప్రతి అడుగుకు ముందు బాధితుల గొంతు ఉన్నదన్నది నిజం. చరకుడు చెప్పిన నాలుగు ఉమ్మడి కారణాలలో ఒకటైన నీటిని కూడా వైద్యంతోపాటు అడగడం ఆ ప్రజల వివేకం.

అయితే సాధించుకున్నది నిలుస్తుందా అన్నది వేరే విషయం. ఆసుపత్రులు మూతపడటమంటే తాళం పడటమే కానక్కరలేదు. చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలు ఉండాలని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. మూడు పాదాలను ఒక్కొక్కటిగా తీసివేసి నాలుగో పాదమైన రోగిని మాత్రం వరండాలో కూర్చోబెడితే, బోర్డు మీద ఏ పేరున్నా ఆ ఆసుపత్రి మూసివేసినదే. నిపుణుడి పోస్టు ఖాళీగా ఉండటం, మత్తు ఇచ్చే డాక్టరు లేక కాన్పులు ఆగిపోవడం, యంత్రం ఉన్నా నడిపేవాడు లేకపోవడం, చివరికి చీటీమీద పెద్దాసుపత్రి పేరు రాసి పంపడం ఈ మూసివేతకు మెట్లు. “కేజీహెచ్‌కి రాసేశారు” అన్న మాట ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎంత దిగులుతో వినిపిస్తుందో తెలిసినవారికి దీనికి వివరణ అక్కరలేదు.

చిన్న ఆసుపత్రులను నిలబెట్టేకంటే ఉన్న డబ్బును ఒక పెద్ద కేంద్రంలో పెట్టి మేలైన వైద్యం అందించడమే న్యాయమన్న వాదనలో కొంత నిజం ఉన్నది. క్లిష్టమైన శస్త్రచికిత్స ప్రతి మండలంలోనూ జరగనక్కరలేదు, అలా జరిపితే ప్రాణాలకే ముప్పు. కాని దూరం అందరికీ ఒకే దూరం కాదు. పార్వతీపురం మన్యంలోని కొండశిఖర గ్రామాలనుంచి గర్భిణిని డోలీలో, అంటే కర్రకు కట్టిన బట్టలోనో బుట్టలోనో కూర్చోబెట్టి ఇద్దరు మోస్తూ, కిందికి దించవలసిన స్థితి ఇంకా ఉన్నది. కాన్పు గడియకు ముందే వారిని దించి ఉంచేందుకు సాలూరులో గర్భిణుల వసతిగృహం ఏర్పరచవలసి వచ్చింది. అటువంటి చోట దగ్గరి ఆసుపత్రిని తీసివేసి దూరపు ఆసుపత్రిని బాగుచేసినవారు మొత్తం పుణ్యం పెంచామని లెక్క చూపవచ్చు, కాని వారు ఒకరికి ఉన్న బాకీతో మరొకరి బాకీ తీర్చినట్టే. భారత సుప్రీంకోర్టు 1996లో, పశ్చిమ బెంగాల్‌కు చెందిన వ్యవసాయ కూలీల సంఘం కేసులో, అత్యవసర వైద్యం అందించకపోవడానికి నిధుల కొరతను ప్రభుత్వం సాకుగా చెప్పరాదని, అది జీవించే హక్కుకు భంగమని తీర్పు ఇచ్చింది. అశోకుడి శాసనంలోని ఋణభావన రాజ్యాంగం భాషలో తిరిగి పలికిన సందర్భం ఇది.

మిగిలినది భక్తుల మనసులో మెదిలే ఒక సందేహం. అరసవల్లి సూర్యదేవుణ్ణి ఆరోగ్యప్రదాతగా కొలిచే శ్రీకాకుళం జిల్లాలో, రథసప్తమికి లక్షలుగా వచ్చేవారిలో కంటిజబ్బులు, చర్మవ్యాధులు పోవాలని మొక్కుకునేవారు ఎందరో. దేవుణ్ణి అడగడం భక్తి, సర్కారును అడగడం రాజకీయం అన్న విభజన వారిలో చాలామందికి సహజంగా తోస్తుంది. కాని సూర్యుడు ఎవరి గుమ్మం దగ్గరా వెలుగు మానడు అన్న కారణంగానే ఆయనను ఆరోగ్యదైవంగా ఎంచారు. ఆ సర్వసమానత్వాన్ని తన ఊరి ఆసుపత్రిలో కోరేవాడు పూజను విడిచి వెళ్లినవాడు కాడు, దానిని ఇంకొంత దూరం తీసుకువెళ్లినవాడు. పాలనం దానంకన్నా గొప్పదైతే, దాతలమని శిలాఫలకాల మీద పేరుండేవారికన్నా, ఆ ఫలకం వెనకున్న వార్డును బతికించడానికి ధర్నాకు కూర్చున్నవారే గొప్ప ధర్మం చేస్తున్నారు.

ఆ ధర్మం ధర్నాతో ముగియదు. ప్రభుత్వాసుపత్రులకు అభివృద్ధి సంఘాలు ఉన్నాయి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి అమలులో ఉన్నది. మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, ఏ యంత్రం ఎప్పటినుంచి ఆగి ఉన్నది అన్న మూడు ప్రశ్నలను ప్రతి మండలంలోని పౌరులు ప్రతి ఏడూ రాతపూర్వకంగా అడగాలి, వచ్చిన జవాబును ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి.