ఒక్క రాయే గదా!



ముక్త్యాలనుండి జగ్గయ్యపేటకు పనిమీద పోయివచ్చువారము మనలో అనేకులము. ఆ ఊరి చెంతనున్న ధనబోడు మిట్ట నెక్కి చూచినవారు కొద్దిమందియే. అక్కడ ఒకప్పుడు గొప్ప బౌద్ధస్తూప ముండెను. 1882లో బర్గెస్ దొర దానిని త్రవ్వించి చూచునాటికే చాలా రాళ్లు పోయియుండెను.

"అన్యమతస్థుల పాడుదిబ్బతో విశ్వాసికేమి పని? ఆ రాళ్లు ఏమైన మనకేమి?" అని కొందరడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసివేయక ఆలోచింతము.

ఆ స్తూపపు స్తంభములపై శాసనమున్నది. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరమున, అనగా క్రీస్తు శకము మూడవ శతాబ్దమున, సిద్ధార్థుడను నొకడు తూర్పు ద్వారమునొద్ద ఐదు స్తంభములు నిలిపెను. అతడు రాజు కాడు, జమీందారు కాడు, చేతిపనివాడు. తల్లిని, భార్యను, బిడ్డలను తనతో చేర్చుకొని, సమస్త ప్రాణుల మేలుకొరకు ఆ దానము చేసెను. కూలిడబ్బులు కూడబెట్టి, మట్టి మోసి, ప్రార్థనశాల లేపిన మన పెద్దలకు ఆ కష్టమెట్టిదో తెలియును. అతని మతము మనది కాదు. అతని చెమట మనకు పరాయిది కాదు.

ఇట్టి స్థలములు ఎట్లు నశించును? శత్రువులవలననే అనుకొందుము. కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతిని చూడుడి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట పట్టణము కట్టించు కాలమున స్తూపపు రాళ్లను కట్టడములకు వాడిరి. తన తండ్రి పేర జగ్గయ్యపేటకు ఆ పేరు పెట్టినవారును వారే. 1797లో మెకంజీ దొర ఆ స్తూపమును చూచెను. 1816లో తిరిగి వచ్చునప్పటికి చాలా భాగము చెదరిపోయెను. తరువాత మిగిలిన శిల్పములలో ననేకములు మద్రాసుకును లండనుకును చేరెను. రాయి తీసికొన్నవారు పగవారు కారు. మెట్టుకొకటి, గోడకొకటి కావలసెను. "ఒక్క రాయే గదా" అని ప్రతివాడును అనుకొనెను.

గిద్యోను బయలు బలిపీఠమును పడగొట్టలేదా అని అడుగవచ్చును. పడగొట్టెను, అయితే అది తన తండ్రిదే గాని పొరుగువానిది కాదు. ఏథెన్సులో పౌలు వారి పూజాస్థలములను తిరిగి చూచెను. ఆ విగ్రహములను చూచి అతని ఆత్మ కలతపడెను. అయినను ఒక్కటియు విరుగగొట్టలేదు. ఒక బలిపీఠముపై వ్రాతను చదివి, అక్కడనుండియే తన మాట మొదలుపెట్టెను. చూచుట వేరు, మ్రొక్కుట వేరు. గౌరవించుటవలన మన విశ్వాసము తరుగదు.

కాబట్టి నాగటిచాలులో చెక్కడపు రాయి తేలినయెడల దానిని బట్టలుతుకు బండగా వేయకుడి, గొడ్లసావిడి పునాదిలో పెట్టకుడి, గ్రామాధికారికి తెలుపుడి. నిక్షేపములున్నవని రాత్రివేళ దిబ్బలు త్రవ్వువారితో కూడకుడి. ఇతరులు మనకు ఏమి చేయవలెనని కోరుదుమో దానినే వారికి చేయుమని ప్రభువు నేర్పెను గదా. మన తల్లిదండ్రుల సమాధిరాయిని ఎవడైన తీసికొనిపోయి గడపక్రింద మెట్టుగా వేసికొని, "ఒక్క రాయే గదా" అనినయెడల మనమేమందుము?