ఆక్టోపస్ పెంపకం, అహింసలో బంధదోషం

ఆక్టోపస్‌ను ఇంట్లో పెంచాలనుకునేవారు అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది అక్వేరియం మూత. ఆ జీవి ఒంట్లో ఎముకలు లేవు. గట్టిగా ఉండేది చిలకముక్కు లాంటి నోటిభాగం ఒక్కటే. అది పట్టే సందు దొరికితే మిగతా ఒళ్లంతా దాని వెంటే జారిపోతుంది. అందుకే బరువైన మూత పెడతారు, గడియలు బిగిస్తారు, పైపులు దిగే రంధ్రాలను మెష్‌తో మూసేస్తారు. కుక్కకు కొన్నాళ్లకు గొలుసు అక్కర్లేకపోవచ్చు, పావురం తన గూటికి తానే తిరిగి వస్తుంది. ఆక్టోపస్‌కు మాత్రం ఆ మూత చివరిరోజు దాకా ఉండవలసిందే. ప్రాణిని కట్టి ఉంచడం గురించి జైన ధర్మచింతన ఏనాడో లేవనెత్తిన ప్రశ్న ఈ మూత దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

అమెరికాలో, ఐరోపాలో ఈ అభిరుచి ఉన్నవారు ఎక్కువగా కోరుకునేది కాలిఫోర్నియా తీరపు రెండు చుక్కల ఆక్టోపస్‌ను. ఒక్కదానికే దాదాపు 200 లీటర్ల ఉప్పునీళ్ల తొట్టి కావాలి. ఆ తొట్టిని నెలల ముందే నింపి, వ్యర్థాలను విరిచే బాక్టీరియా అందులో నిలదొక్కుకునేదాకా ఆగాలి. చేపల రోగాలకు వాడే రాగి మందు కొద్దిగా మిగిలినా దాని ప్రాణం మీదికొస్తుంది. ఇంకో ఆక్టోపస్‌ను తోడు తెస్తే ఒకటి రెండోదాన్ని తినేసే అవకాశం ఉంది. చేపలను వేస్తే అవి ఆహారమైపోతాయి. కాబట్టి బతికినన్నాళ్లూ ఏకాంతమే. ఆ బతుకు కూడా ఏడాది, మహా అయితే రెండేళ్లు. సముద్రంలో పట్టి తెచ్చినదైతే అందులో కొంత భాగం కొనేలోపే గడిచిపోయి ఉంటుంది.

ఇంత శ్రమకు మనుషులు సిద్ధపడడానికి కారణం ఉంది. గాజు అవతలి నుంచి అది మనిషిని చూస్తుంది. ఎదుట ఎవరో వచ్చారని తెలిసి దగ్గరికి వస్తుంది, నీళ్లలో పెట్టిన వేలిని చూషకాలతో తడిమి చూస్తుంది. ఒకే రకం దుస్తులు వేసుకున్న ఇద్దరిలో తిండి పెట్టేది ఎవరో, పుల్లతో పొడిచేది ఎవరో పసిఫిక్ మహా ఆక్టోపస్‌లు గుర్తుపట్టాయని సియాటిల్ అక్వేరియంలో చేసిన పరిశీలన 2010లో వెలువడింది. ఇలాంటి ప్రాణితో స్నేహం కుదిరిందని పెంచేవారు అనుకోవడంలో వింత లేదు. అయితే నీళ్లలోకి దించిన చేతి దగ్గరికి వచ్చే ఈ అలవాటునే అరిస్టాటిల్ కూడా గమనించాడు. పట్టుకోవడానికి వచ్చిన చేతిని వెతుక్కుంటూ వస్తుంది గనుక అది తెలివిలేని జంతువని తేల్చాడు. నాడు మూఢత్వం, నేడు ఆప్యాయత. చేష్ట ఒక్కటే, అర్థం రెండుసార్లూ మనిషి చెప్పుకున్నదే. దాని లోపల ఏముందో ఈ రెండు మాటల్లో ఏదీ చెప్పలేదు.

జైన శాస్త్రం ప్రాణులను ఇంద్రియాలను బట్టి వర్గీకరిస్తుంది. స్పర్శ మాత్రమే ఉన్నవి ఏకేంద్రియాలు. రుచి, వాసన, చూపు, వినికిడి ఒక్కొక్కటీ చేరుతూ పోగా చివరికి పంచేంద్రియ జీవులు వస్తాయి. ఇంద్రియాలు ఎక్కువయ్యేకొద్దీ హింసలోని దోషమూ బరువెక్కుతుంది. శంఖాలు, గవ్వలు, ఆల్చిప్పలు ద్వీంద్రియాల జాబితాలో ఉంటాయి. నేటి జీవశాస్త్రం లెక్కన ఆక్టోపస్ ఆ శంఖానికి, గవ్వకు బంధువే, మూడూ మొలస్కులే. అలాగని దాన్ని ద్వీంద్రియాల పక్కన కూర్చోబెట్టడం కుదరదు, ఎందుకంటే శాస్త్రపు కొలబద్ద ఇంద్రియమే గాని వంశం కాదు. ఆక్టోపస్‌కు కటకమూ రెటీనా ఉన్న కన్ను ఉంది, అదీ వెన్నెముక జీవులతో సంబంధం లేకుండా విడిగా పరిణమించింది. దాని చూషకాలు తాకుతూనే రుచి చూస్తాయి. వాసన పట్టే అవయవం ఉంది, నీటిలో మంద్రధ్వనుల కదలిక కూడా దానికి తెలుస్తుంది. ఈ లెక్కన అది పంచేంద్రియ జీవే.

పంచేంద్రియాల్లోనూ మళ్లీ విభజన ఉంది: మనసు ఉన్నవి సంజ్ఞులు, లేనివి అసంజ్ఞులు. నేర్చుకోవడం, హితాహితాలు విచారించుకోవడం మనసుకు గుర్తులు. ఆక్టోపస్ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం ఇదే. రెండు రంగుల బంతుల్లో ఒకదాన్ని ఎంచుకునేలా శిక్షణ పొందిన ఆక్టోపస్‌ను మరొకటి చూసి, ఆ ఎంపికనే తానూ చేసిందని నేపుల్స్‌లోని పరిశోధకులు 1992లో ప్రకటించారు. ఇండొనేషియా సముద్రంలో ఒక జాతి ఆక్టోపస్‌లు మనుషులు పారేసిన కొబ్బరి చిప్పలను పొట్ట కింద పెట్టుకుని, ఇసుక నేల మీద అవస్థపడి నడుచుకుంటూ మోసుకెళ్తాయని 2009లో వెల్లడైంది. మోస్తున్నంతసేపూ ఆ చిప్ప దానికి బరువే, రక్షణ కాదు. పైగా నడక మందగించి శత్రువుకు దొరికే అవకాశం పెరుగుతుంది. రేపటి అవసరం కోసం ఇవాళ బరువు మోసే జీవిని అసంజ్ఞి అనడానికి నోరు రాదు. దాదాపు 50 కోట్ల నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉండడం మరో చిక్కు తెస్తుంది: మనసు ఉంటే అది ఒకచోటే ఉందా, ఎనిమిది చేతులకూ పంచి ఉందా? సూత్రకారుల ముందు ఇలాంటి ఉదాహరణ లేదు.

నొప్పి గురించిన సందేహం కూడా చాలావరకు తీరింది. చర్మంలోకి ఆమ్లం ఎక్కించినప్పుడు ఉన్న గదిని ఆక్టోపస్ ఆ తర్వాత తప్పించుకు తిరుగుతుందని, మత్తుమందుతో ఉపశమనం దొరికిన గదిని కోరుకుంటుందని 2021లో వచ్చిన ఒక ప్రయోగం చూపింది. అదే ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ బృందం 300కు పైగా అధ్యయనాలను పరిశీలించి ఇచ్చిన నివేదిక ఫలితంగా, బ్రిటన్ 2022లో చేసిన చట్టం ఆక్టోపస్, స్క్విడ్, కటిల్‌ఫిష్‌లను అనుభూతి గల జీవులుగా గుర్తించింది.

నొప్పి కలగకుండా చూసుకుంటే చాలునా? జైన ఆచార్యుడు ఉమాస్వాతి రాసిన తత్త్వార్థసూత్రం హింసకు మూలం ప్రమాదం అంటుంది, అంటే ఏమరుపాటు. నీళ్ల ఉప్పదనాన్ని రోజూ కొలిచేవాడు, పీతల కోసం ఊరంతా తిరిగేవాడు ఏమరుపాటు మనిషి కాదు. అయినా గృహస్థుడి అహింసావ్రతానికి ఆ గ్రంథం చెప్పిన ఐదు అతిచారాల్లో, అంటే వ్రతానికి భంగం తెచ్చే దోషాల్లో, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ ఆపడంతో పాటు బంధం కూడా విడిగా ఉంది. బంధం అంటే కోరుకున్న చోటికి పోనివ్వకుండా అడ్డుకోవడమని ఆ సూత్రానికి పూజ్యపాదుడు రాసిన వ్యాఖ్య సర్వార్థసిద్ధి వివరిస్తుంది. తెలుగులో బంధం అంటే అనుబంధమూ అవుతుంది, కట్టూ అవుతుంది. పెంచేవారు మొదటి అర్థంలో మాట్లాడతారు, శాస్త్రం రెండో అర్థంలో అడుగుతుంది.

పశువులు లేని ఇల్లు ఊహించలేని కాలంలో వ్యాఖ్యాతలు ఈ నియమానికి ఆచరణయోగ్యమైన హద్దులు కూడా పెట్టారు. కట్టక తప్పనప్పుడు ముడి వదులుగా ఉండాలి, నిప్పంటుకుంటే వెంటనే విడిపోవాలి. కట్టకపోయినా ఇంటిపట్టున ఉండే జంతువులనే పెంచుకోవడం అన్నిటికన్నా మేలు. ఎంతో మానవీయమైన ఈ కొలత ముందు ఆక్టోపస్ పెంపకం నిలవదు. సాయంత్రానికి కొట్టానికి తిరిగొచ్చే ఆవులాంటిది కాదు అది. 2016లో న్యూజీలాండ్‌లోని నేపియర్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్, కాస్త తెరిచి ఉన్న మూత సందులోంచి బయటికి వచ్చి, నేల మీద పాకి, సుమారు 50 మీటర్ల మురుగు గొట్టం గుండా సముద్రం చేరింది. దానికి స్వేచ్ఛాకాంక్ష అంటగట్టనక్కర్లేదు. సందులు వెతకడం దాని స్వభావం. ఆ స్వభావానికే మూత అడ్డం.

ఎదుటివాదంలో బలం లేకపోలేదు. సముద్రంలో పుట్టిన పిల్లల్లో అత్యధికం ఎదగకుండానే ఎవరికో ఆహారమవుతాయి. తొట్టిలో శత్రుభయం లేదు. రెండు చుక్కల జాతి పిల్లలు గుడ్డులోంచి వస్తూనే నేల మీద పాకగలవు గనుక వాటిని ఇంట్లోనే పొదిగించి పెంచడం సాధ్యం. సముద్రం నుంచి తేవలసిన పనిలేదు. అయితే అపాయం లేకపోవడం మూతను సమర్థించదు, పంజరంలో పుట్టిన చిలకకూ రెక్కలు ఉంటాయి. పైగా దాని తిండి పీతలు, రొయ్యలు. ఒక్క ప్రాణిని సాకడానికి ఎన్నో ప్రాణాలు బలి కావాలి. హింసించే జంతువుల పెంపకాన్ని జైన శాస్త్రం శ్రావకుడికి, అంటే జైన గృహస్థుడికి, తగని వృత్తుల్లో చేర్చింది ఇందుకే. స్క్విడ్ వేపుడు తినే సమాజం తొట్టిని తప్పుపట్టడమేమిటన్న ప్రశ్నా సహజమే. తినేవాడు ప్రేమిస్తున్నానని అనడు. పెంచేవాడు అంటాడు, కాబట్టి ఆ మాటకు అతడే జవాబు చెప్పాలి.

మిగతా బంధువుల విషయం పెద్దగా తర్కించనక్కర్లేదు. నీలి వలయాల ఆక్టోపస్ కాటులోని విషం మనిషిని చంపగలదు. లోతు నీళ్లలో ఇరవై ఏళ్ల దాకా బతికే నాటిలస్‌ల అంతర్జాతీయ వ్యాపారంపై 2016లోనే నియంత్రణ విధించాలని నిర్ణయించారు.

ఇప్పటికే తొట్టిలో ఉన్నదాని సంగతి వేరు. తనది కాని సముద్రంలో వదిలితే అది బతకకపోవచ్చు, అక్కడి జీవులకు రోగాలు తేవచ్చు. కాబట్టి దాన్ని చివరిదాకా చూసుకోవడమే న్యాయం. దాగడానికి కుండలు, విప్పి చూడడానికి మూత సీసాలు, తగ్గించిన వెలుతురు ఉండాలి. ఆడదైతే ఒకరోజు గుడ్లు పెడుతుంది. మగదాని జోడు లేకుండా పెరిగి ఉంటే వాటిలో జీవం ఉండదు. అయినా రాతి కింద చేరి, తిండి దాదాపు మానేసి, వాటి మీద నీళ్లు ఊదుతూ, చేతులతో తుడుస్తూ, కొన్ని వారాలపాటు కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో మూత తీసి ఉంచినా అది కదలదు.