ఓర్పు ఒక్క కిందివాళ్ల వంతేనా?

సూర్యాపేట 2016లో జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేటు, మెడికల్ కాలేజీ వచ్చాయి, వాటి వెంట అద్దె ఇల్లు వెతుక్కునే కుటుంబాలూ వచ్చాయి. కోదాడకు హైవే మీది వ్యాపారాలూ కాలేజీలూ, మిర్యాలగూడకు రైస్ మిల్లులూ ఏళ్ల తరబడి జనాన్ని రప్పిస్తూనే ఉన్నాయి. ఒకరి నేల ఇంకొకరికి కప్పు కావడం ఈ మూడు ఊళ్లలో ఇప్పుడు మామూలు సంగతి. పై పోర్షన్ చప్పుడు గురించిన తగాదా కూడా అంతే మామూలు. తెల్లారక ముందే గ్యాస్ సిలిండర్ దొర్లుతుంది, రాత్రి పదకొండింటికి ఇనుప మంచం గుంజుతారు, మడమలు దబదబా నేలను గుద్దుతాయి. కిందివాళ్లు గోడు చెప్పుకుంటే వినపడే సలహా ఒకటే: సర్దుకుపోండి. కాస్త భక్తిపరులైతే ఆ మాటకే శాంతమనీ, పూర్వకర్మ అనీ, ధ్యానమనీ మెరుగు పెడతారు. ఈ సలహా ధర్మంలోంచి పుట్టిందా, గొడవ మనకెందుకన్న భయానికి కప్పిన కాషాయమా? మన సంప్రదాయాలను కాస్త ఓపిగ్గా చూస్తే, చప్పుడు విషయంలో మొదటి బాధ్యత పైన నడిచే పాదానిదేననీ, కింది మనిషి ఓర్పుకు ఉన్న పని వేరనీ తేలుతుంది.

ఈ తగాదాకు దగ్గరి పోలిక బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. శ్రావస్తిలోని జేతవనంలో ఇద్దరు భిక్షువులు ఒకే కుటిలో ఉండేవారు, ఒకరు కింద, ఒకరు పైన అటక మీద. పైనున్నాయన ఒకరోజు ఊడే కోళ్లున్న మంచం మీద దభాలున కూలబడ్డాడు. కోడు ఊడి, సందులోంచి జారి, కిందాయన తల మీద పడింది. ఆయన కేక పెట్టాడు. తోటి భిక్షువులు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు, జరిగింది చెప్పాడు, విషయం బుద్ధుడి దాకా వెళ్లింది. అక్కడ బుద్ధుడు దెబ్బ తిన్నవాడిని కూర్చోబెట్టి క్షమ గురించి ఉపదేశం చెయ్యలేదు. పైవాడిని పిలిపించి మందలించి, సంఘమంతటికీ ఒక నియమం పెట్టాడు. పాచిత్తియ నియమాల్లో అది 18వది: పైనున్న అటక మీద, ఊడే కోళ్ల మంచం మీద గానీ పీట మీద గానీ కూర్చోవడం, పడుకోవడం దోషం. ఆ దోషాన్ని తోటి భిక్షువు ముందు ఒప్పుకోవాలి. ఆ నియమం పుట్టడానికి కారణం కిందివాడు కేక పెట్టడం. అతడు నొప్పిని మింగేసి పడుకుని ఉంటే నియమమూ లేదు, పైవాడికి తన తప్పు తెలిసే దారీ లేదు.

నియమం కన్నా దానికిచ్చిన మినహాయింపుల్లో ఎక్కువ వివేకం ఉంది. పై నేలకు పలకలు పరిచి ఉంటే దోషం లేదు. కోళ్లకు చీలలు బిగించి ఉంటే దోషం లేదు. కింది భాగంలో ఎవరూ మసలకపోతే దోషం లేదు. అంటే పైన ఉండొద్దనీ, మంచం వాడొద్దనీ, ఊపిరి బిగబట్టి బతకమనీ ఎవరూ అనలేదు. కింద ఒక మనిషి ఉన్నాడన్న ఎరుకతో చీల బిగించుకోమన్నారు, అంతే. ఇదే నియమం ఇతర బౌద్ధ శాఖల ప్రాతిమోక్షాల్లోనూ, అంటే భిక్షు నియమావళుల్లోనూ, కనిపిస్తుంది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి గుట్ట మీద తవ్వకాల్లో స్తూపంతో పాటు వరుస గదుల విహారాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల కాలంలో అక్కడ భిక్షువులు గోడకు గోడ ఆనించుకుని బతికారు. పక్కవాడికి కలిగే ఇబ్బందిని ధర్మం పట్టించుకోవలసిన సంగతిగా చూసిన ఆలోచన ఈ నేలకు కొత్తేమీ కాదు.

బౌద్ధం ఒక్కటే ఇలా అన్నదనుకోనక్కర్లేదు. భగవద్గీత పన్నెండో అధ్యాయం పదిహేనో శ్లోకంలో కృష్ణుడు తనకు ప్రియమైన భక్తుడి లక్షణం చెబుతూ రెండు మాటలంటాడు. ఎవరి వల్ల లోకం కలత చెందదో అతడు, లోకం వల్ల ఎవరు కలత చెందరో అతడు. మనం ప్రవచనాల్లో ఎక్కువగా వినేది రెండో సగం. వరసలో ముందున్నది మాత్రం మొదటి సగమే, అది పై పోర్షన్‌కు చెందుతుంది. జైనులైతే దీన్ని నడక దాకా తెచ్చారు. వారి అయిదు సమితుల్లో మొదటిది ఈర్యా సమితి: ఏ ప్రాణికీ హాని కలగకుండా చూసుకుంటూ అడుగు వెయ్యడం. పాత నల్లగొండ జిల్లాలోనే ఉండిన కొలనుపాక ఆ మతానికి పేరుపడ్డ క్షేత్రం. చీమ మీద పడే అడుగును సాధనగా లెక్కపెట్టిన దృష్టికి, నిద్రపోయే మనిషి నెత్తి మీద పడే అడుగు లెక్కలోకి రాదంటే నమ్మడం కష్టం.

దీనికి గట్టి అభ్యంతరం బౌద్ధంలోంచే తేవచ్చు. దొంగలు రెండు పిడుల రంపంతో అవయవాలు కోస్తున్నా మనసులో ద్వేషం రానివ్వొద్దని బుద్ధుడు కకచూపమ సుత్తంలో చెప్పాడు కదా, మంచం చప్పుడెంత? నిజమే, చెప్పాడు. అయితే ఆ బోధ కోతకు గురైనవాడి మనసును కాపాడడానికి చెప్పింది, రంపం పట్టినవాడికి అనుమతిగా కాదు. ద్వేషం లేకుండా ఉండటమూ, నోరు మెదపకుండా ఉండటమూ ఒకటి కావు. పైగా మన అనుభవంలో నోరు నొక్కుకున్న చోటే ద్వేషం పెరుగుతుంది. నెలల తరబడి కుక్కుకున్న కోపం ఒక రాత్రి చీపురు కర్రతో కప్పు మీద బాదుతుంది. రోమన్ తత్వవేత్త సెనెకా స్నానశాల పైన అద్దెకుండి ఆ గోలనంతా తన 56వ లేఖలో వర్ణించాడు. లోపల నెమ్మది ఉంటే బయటి గోల ఏమీ చెయ్యలేదని వాదించాడు. చివరికి మాత్రం, అనవసరంగా ఈ హింస ఎందుకు, ఇల్లు మారతానన్నాడు. అది ఆ వాదం ఓటమి అనలేం, దాని హద్దును నిజాయితీగా ఒప్పుకోవడం. పిల్లల బడీ, కట్టిన అడ్వాన్సూ కాళ్లకు అడ్డంపడే మన కిరాయిదారుకు ఆ దారి కూడా తేలిగ్గా దొరకదు.

రెండో అభ్యంతరం న్యాయమైనది. పసిపిల్లలు పరుగెత్తకుండా ఉంటారా, ముసలాయన ఊతకర్ర ఎక్కడ దాస్తారు, మిల్లులో రాత్రి డ్యూటీ చేసొచ్చినవాడు అన్నం ఎప్పుడు వండుకోవాలి? పైగా తప్పు స్లాబుది కూడా. మాటల శబ్దం గాలిలో వచ్చి గోడ దగ్గర చాలామటుకు ఆగుతుంది, అడుగు దెబ్బ మాత్రం కాంక్రీటునే కదిలించి కిందికి దిగుతుంది. టైల్స్ పరిచిన గట్టి నేల దాన్ని ఏమాత్రం మింగదు. ఇక్కడే పాత నియమంలోని మినహాయింపులు పనికొస్తాయి. తప్పించలేని చప్పుడుకు దోషం లేదు, చీల బిగించగలిగీ బిగించకపోవడమే దోషం. కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్షులు, పిల్లలు ఆడే చోట మందపాటి పరుపో జంపఖానానో, సిలిండర్‌ను దొర్లించకుండా ఎత్తి పెట్టడం, ఇవే ఈ కాలపు చీలలు. తప్పించలేనిది మిగిలితే, అక్కడ కింది మనిషి ఓర్పుకు అసలైన పని మొదలవుతుంది. పైవాళ్లు చేయగలిగింది చేశాక ఓర్చుకోవడం ధర్మం. వాళ్లు ఏమీ చేయకముందే ఓర్చుకోమనడం బరువంతా ఒక్కరి మీద తోయడం.

చప్పుడు భక్తిదైతే? తెల్లవారుజామున స్పీకర్లో పాటలు, రాత్రి ప్రార్థనలు, భజనలు. అది దేవుడి పేరుతో జరిగేది కాబట్టి అడగడానికే కిందివాళ్లు జంకుతారు. ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లో చెన్నైకి చెందిన ఒక చర్చి కేసులో తేల్చింది, ఆ మాట అన్ని మతాలకూ వర్తిస్తుంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. అయితే ఆ నియమాల చూపు ప్రధానంగా లౌడ్‌స్పీకర్లు, హారన్లు, టపాసుల మీద ఉంటుంది. మంచం కోడు కోసం పోలీసును పిలవలేం, పిలవకూడదు కూడా. చట్టం చెయ్యి అందని ఈ చిన్న చోటనే మనిషి ధర్మం అవసరమవుతుంది.

అడగడానికి అందరికీ ఒకే ధైర్యం ఉండదన్నది కూడా ఒప్పుకోవాలి. పైన ఉన్నది ఓనరే అయితే, కింది కిరాయిదారు ఫిర్యాదు ఇల్లు ఖాళీ చెయ్యమనే మాటతో ముగియవచ్చు. ఇల్లిచ్చేముందు కులమేమిటి, మాంసం తింటారా అని ఆరా తీసే ఓనర్లు తమ నడక గురించి ఎవరైనా అడిగితే చిన్నబుచ్చుకుంటారు. వినయపిటకంలో అటక నియమానికి ముందున్న రెండు నియమాలు ఈ బలం సంగతే చెబుతాయి. 16వది ముందే చోటు చేసుకున్న భిక్షువును ఇరుకున పెట్టి తరమొద్దంటుంది, 17వది కోపంతో తోటివాణ్ణి విహారం నుంచి వెళ్లగొట్టొద్దంటుంది. ఫిర్యాదు చేసినవాడికి చోటు పోతుందన్న భయం ఉన్నచోట ఏ నియమమూ నిలవదు. అందుకని ఓనరు ధర్మం ఇంకో మెట్టు పైన ఉంటుంది, కిరాయిదారు నిర్భయంగా మెట్లెక్కి మాట్లాడేలా చూడటం. కింది మనిషికి మిగిలే ధర్మం కూడా తక్కువేం కాదు. కోపం చల్లారాక, పగటిపూట వెళ్లి, “అక్కా, రాత్రి పది దాటినంక మంచం గుంజకుండా జర చూడుండ్రి” అని అడగాలి. జేతవనంలో కిందాయన పెట్టిన కేకకు ఇది మర్యాద రూపం. ఆ మాట విన్నాక పైవాళ్లకు తెలియలేదన్న సాకు ఉండదు, అడగకుండానే ద్వేషించానన్న తప్పు కిందివాళ్లకూ ఉండదు.