కొండకి పాదాలు

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. దగ్గరికి వెళితే గానీ రాళ్ళూ ముళ్ళూ కనబడవని వాళ్ళ భావం. నిజమే. కానీ దగ్గరికి వెళ్ళినకొద్దీ అసలు కొండే కనబడకుండా పోతే?

ఆఫ్రికాలో, దాదాపు భూమధ్యరేఖ మీదే నిలబడి ఉంది కెన్యా పర్వతం. ఎత్తు 5,199 మీటర్లు. అంత ఎండల సీమలో నెత్తిన మంచు! కికుయు జాతివారు దాన్ని కిరిన్యాగా అంటారు. వాళ్ళ దేవుడు న్గాయి. ఆయన భూలోకానికి వచ్చినప్పుడు విడిది చేసేది అక్కడేనని వాళ్ళ పూర్వుల నమ్మకం. అందుకే ఆ కొండవైపు తిరిగి చేతులెత్తి ప్రార్థించేవారు. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడైన జోమో కెన్యాట్టా, తన జాతి ఆచారాల మీద 1938లో వెలువరించిన పుస్తకానికి కూడా 'కెన్యా పర్వతానికి అభిముఖంగా' అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

ఇక నడిచి ఎక్కేవాడి సంగతి చూడండి. తెల్లవారుజామున పొలాల్లోంచి స్పష్టంగా కనబడిన శిఖరం, అడవిలో అడుగు పెట్టగానే మాయం. ముందు మహావృక్షాలు. 2,500 మీటర్ల దగ్గర వెదుళ్ళు దట్టంగా కమ్ముకుంటాయి; ఆకాశం కూడా చీలికలుగానే కనిపిస్తుంది. కాలికింద బురద, ఏనుగు లద్దెలు, అడవిదున్నల అడుగుజాడలు. తల దించుకుని నడవాల్సిందే. దేవుడి ఇంటికి బయల్దేరినవాడికి ఆ ఇల్లే కనబడకపోవడం ఏం న్యాయం?

న్యాయమే అనిపిస్తుంది నాకు. ఆ తల దించుకోవడంలోనే ఉంది విషయమంతా. మబ్బుని నిలవేసి, వానని పీల్చుకుని, కొంచెం కొంచెంగా కిందికి వదిలేది ఈ అడవి. కెన్యాలోకెల్లా పెద్దదైన తానా నదికి నీళ్ళిచ్చే కొండల్లో ఇదొకటి. ఆ నదిమీద వరసగా ఆనకట్టలూ, విద్యుత్ కేంద్రాలూ ఉన్నాయి. మ్వేయా వరిపొలాలు పండేదీ ఈ కొండ నీళ్ళతోనే. శిఖరం మీది మంచు ఏటేటా తరిగిపోతోంది. అన్నం పెడుతున్నది మాత్రం అడవి.

అలాంటి అడవిని 1999లో విమానంలోంచి పరిశీలిస్తే ఏం కనబడిందనుకున్నారు? నరికేసిన కలప చెట్లు, బొగ్గు బట్టీలు, గంజాయి మళ్ళు! ఆ మరుసటేడు అడవిని వన్యప్రాణి శాఖకి అప్పగించారు. శిఖరాన్ని మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేదు. చెయ్యడానికి అక్కడేముంది, రాయీ మంచూ తప్ప?

అయితే దూరంనుంచి దండం పెట్టడం తప్పా? ఎంతమాత్రం కాదు. ఆ పూర్వులు శిఖరానికి మొక్కి ఊరుకోలేదు. ముగుమో అనే మర్రిజాతి చెట్టుని కూడా పవిత్రమనే అన్నారు. దాన్ని నరకకుండా, దాని నీడలోనే పూజలు చేశారు. పైనున్న దేవుడికీ కింద ఉన్న చెట్టుకీ సంబంధం వాళ్ళకి తెలుసు. పవిత్రత అంటే ఎత్తులోనే ఉంటుందనుకునే వాళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

మనం పెద్దవాళ్ళకి మొక్కేటప్పుడు తల ముట్టుకోం, పాదాలు ముట్టుకుంటాం. కొండకైనా అంతే కదా!