జత నంబరు

క్రౌనూ పినియనూ కొత్తవి కొంటే రెండూ ఒకే డబ్బాలో వస్తాయి. రెంటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు కలవకపోతే ఏ మేస్త్రీ బండికి ఎక్కించడు. దీని క్రౌను దానికీ, దాని పినియను దీనికీ వేస్తే వెనక హౌసింగు నాలుగు రోజులు ఏడ్చి పళ్లు రాల్చుకుంటుంది. లారీ ఇరుసులో తిరిగే ఈ ఇనుము గురించి మాదిగోడు వ్యాసం రాయడమేమిటి అంటారేమో. రాయాలి. ఎందుకంటే ఆ నంబరు చూపించే నాకు కులం న్యాయమని చెప్పారు.

మాది పల్నాడు మెట్ట. మా నాన్న చెప్పులు కుట్టేవాడు, మోటలకు తొండాలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. తొండాలతో పాటే మా గింజలూ పోయాయి. 1979లో నేను బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు చేరాను. గ్రీజు కడగటం, డీజిల్లో బేరింగులు నానబెట్టటం, టీలు తేవటం. టీ నేనే తెచ్చేవాణ్ణి గానీ నా గ్లాసు వేరు. కిటికీ చువ్వకు తగిలించి ఉండేది. ఓనరు చేతులకూ నా చేతులకూ ఒకే గ్రీజు అంటుకునేది. దానికి అంటు లేదు. గ్లాసుకు మాత్రం ఉంది.

మేస్త్రీ సాయిబు. చదువు రాదు. పని మాత్రం ఆయన దగ్గరే చూడాలి. "చెవితో వినరా బేటా, కళ్లతో చూడు, ఆఖర్న చెయ్యి పెట్టు" అనేవాడు. ఆరేళ్లు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఆ పని సంగతి కాస్త చెప్పాలి. ఇంజను తిప్పే బలం ప్రొపెల్లరు షాఫ్టు మీదుగా వచ్చి పినియనును తిప్పుతుంది. పినియను క్రౌనును తిప్పుతుంది. బలం అక్కడ అడ్డం తిరిగి రెండు చక్రాలకూ పోతుంది. పది టన్నుల సరుకును ఘాట్ రోడ్డు మీద ఈడ్చేది చివరికి ఈ పళ్లే. అందుకని పినియను ఎంత లోపలికి దిగాలో షిమ్ములతో చూస్తాం. కాగితమంత రేకు ఒకటి ఎక్కువైనా తక్కువైనా తెలిసిపోతుంది. బేరింగులు బిగించాక షాఫ్టుకు దారం చుట్టి స్ప్రింగు కాటాతో లాగి, ఎంత బిగువుందో చూస్తాం. తర్వాత క్రౌను పక్కనున్న నట్లు తిప్పి పంటికీ పంటికీ మధ్య ప్లే సరిచేస్తాం. బండిని బట్టి లెక్క మారుతుంది గానీ, మిల్లీమీటరులో పావు వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. నూనెలో కలిపిన రంగు క్రౌను పళ్లకు పూసి తిప్పితే, పినియను ఎక్కడ తాకిందో అక్కడ రంగు చెదిరి అచ్చు పడుతుంది. అచ్చు పంటి కొసన పడితే పినియను ఇంకా లోపలికి పోవాలి. మొదట్లో పడితే వెనక్కి రావాలి. క్రౌను అంచు వైపుకు పోతే క్రౌనునే దగ్గరికి జరపాలి. నడుమ పడేదాకా విప్పటం, బిగించటం. ఒక్కోసారి పొద్దంతా పట్టేది.

అంటే ఈ పనిలో నిజం చెప్పేది తాకుడు. ఎవరు బిగించారో రంగు అడగదు.

ఒకరోజు నేను కట్టిన హౌసింగు అచ్చు చూసి ఓనరు మెచ్చుకున్నాడు. "ఊరికే వచ్చిందట్రా ఈ పని? తోలు కోసినోళ్ల రక్తం నీది" అన్నాడు. పక్కనున్న డబ్బా చూపించి, "చూడు, ఇనుముక్కూడా జాతుంది. ఎవడి జతలో వాడు తిరిగితేనే బండి నడిచేది. మనుషులైనా అంతే" అన్నాడు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. మెచ్చుకుంటూనే అన్నాడు. అందుకే ఆ మాట ఇన్నేళ్లు నాలో తిరిగింది.

రక్తం సంగతి ముందు చూద్దాం. మా నాన్న బొటనవేలితో నొక్కి తోలు మందం చెప్పేవాడు నిజమే. ఆ వేలికి ఆరె దిగిన గాట్లు ఎన్నున్నాయో నేను చూశాను. ఆ విద్య పుట్టుకతో వచ్చి ఉంటే ఆ గాట్లెందుకు? పనితనం రక్తంలో ఉందనటం పొగడ్త కాదు. నేర్చుకున్న ఏళ్లను మన దగ్గర్నుంచి గుంజుకోవటం. పని రాకపోతే నీ కులం తప్పు, వస్తే నీ కులం గొప్ప. ఇంక నువ్వెక్కడున్నావు?

ఇక జత నంబరు. ఆ నంబరు ఇనుముకు పుట్టుమచ్చ కాదు. ఫ్యాక్టరీలో పళ్లు కోసి, కాల్చి గట్టిపరిచాక, రెంటి మధ్యా రాపిడి మందు వేసి మెషీను మీద కలిపి తిప్పుతారు. ఒకదాన్నొకటి అరగదీసుకుని, ఒకదానికొకటి అలవాటుపడ్డాక అవి జత. కలిసి తిరిగినందుకు నంబరు వచ్చింది గానీ, నంబరున్నందుకు కలవలేదు. కులం దీనికి సరిగ్గా తలకిందులు. ముందే నంబరు వేసి, ఎవరితో తిరగాలో ఎవర్ని తాకకూడదో చెబుతుంది.

పళ్లు లెక్కపెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. టాటా లారీల్లో బాగా కనబడే జత పినియనుకు 6, క్రౌనుకు 41. 42 పెట్టి ఉంటే లెక్క సుఖంగా ఉండేది గదా? కానీ అప్పుడు పినియనులో ఒక్కో పన్నుకు ఎప్పుడూ అవే ఏడు పళ్లు తగులుతాయి. ఒక పంటికి లోపముంటే ఆ ఏడింటినే కొరుకుతూ ఉంటుంది. 41 పెడితే క్రౌను ఆరు చుట్లు తిరిగేసరికి పినియనులో ప్రతి పన్నూ క్రౌనులో ప్రతి పన్నునూ తాకి వస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది. కావాలనే అలా లెక్క కడతారు. ఓనరు కులానికి సాక్ష్యంగా తెచ్చిన ఇనుములోనే ఎవరికీ విడిగా గుంపు లేదు.

మరి పళ్ల మధ్య ఎడం ఉంచుతున్నాం గదా అని ఆయన అడగలేదు. అడిగినా జవాబుంది. ఆ ఎడం నూనె కోసం, వేడికి ఇనుము సాగటం కోసం. తాకినప్పుడు కాలిపోకుండా ఉండటానికి ఉంచింది. తాకకుండా ఉండటానికి కాదు.

అయినా మనిషి గేరు కాదు. గేరుకు వేరే పని చేద్దామన్న ఆశ ఉండదు. కులమంటే పనులు పంచుకోవటమే అన్నవాళ్లకు, అది పనిచేసే మనుషుల్నే విడగొట్టి అరలుగా పేర్చటమని 1936లోనే 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ జవాబు చెప్పాడు. నేను అది చదివేనాటికి షెడ్డులో ఆ అరలన్నీ చూసే ఉన్నాను. 1985 జూలైలో కారంచేడులో మావాళ్లను తరిమి చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. ఆ వారం చువ్వకున్న నా గ్లాసు తీసి బయట పడేశాను. అందరి గ్లాసుల్లో ఒకటి తీసుకుని తాగాను. ఓనరు చూశాడు, మాట్లాడలేదు. నెల తిరక్కుండా మేస్త్రీకి చూపు తగ్గి ఊరెళ్లిపోతే, ఆయన చోటు నాకివ్వకుండా తన బంధువుల కుర్రాడికిచ్చాడు. రంగు పూసి అచ్చు చూడటం ఆ అబ్బాయికి తెలియదు. నేను కట్టటం, అతను మేస్త్రీ అనిపించుకోవటం. మూడు నెలలు చూసి బయటికొచ్చేశాను.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల చేత ముందు పళ్లు లెక్కపెట్టిస్తాను. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. షెడ్డులో ఒకే బిందె, అవే గ్లాసులు. సాయంత్రం చేతులు కడుక్కుని ఎవరి పేటకు వాళ్లు పోతారు. పెళ్లి మాటొస్తే ఎవరి నంబరు వాళ్లకుంది. ఇరుసులో కుదిరింది ఊళ్లో ఎందుకు కుదరదో చెప్పాల్సింది ఇనుము కాదు, మనం.