దారి ఎవరి సొత్తు? ప్రజారవాణాలో పూర్తధర్మం

ధర్మశాస్త్రాలు సత్కర్మలను ఇష్టమనీ పూర్తమనీ రెండు తెగలుగా చెప్పాయి. యజ్ఞయాగాలు ఇష్టం, బావులు తవ్వించడం, చెరువులు కట్టించడం, తోటలు వేయించడం, అన్నం పెట్టడం వంటి పదిమందికీ పనికివచ్చే పనులు పూర్తం. పూర్తకర్మ విశేషమేమంటే, దాని ఫలాన్ని అనుభవించేవాడు కర్తకు ముక్కూ మొహం తెలియని బాటసారి కావచ్చు, ఇంకా పుట్టని మనిషి కూడా కావచ్చు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాల్లో ఒకటి, దారుల వెంట మనుషుల కోసమూ పశువుల కోసమూ బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి చెబుతుంది కనుక, బాటసారి క్షేమం పాలకుడి ధర్మమన్న భావన తెలుగు నేలకు కొత్తది కాదు. నేటి రైలూ బస్సూ ఆ పూర్తం కోవలోకి వస్తాయా, లేక డబ్బిచ్చి కొనుక్కునే సరుకుల్లో ఒకటా? సుస్థిర రవాణా గురించి, అంటే రాబోయే తరాల గాలినీ నేలనూ హరించకుండా నేటివారిని గమ్యం చేర్చే రవాణా గురించి ఆలోచించేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి సింగపూర్ పశ్చిమ భాగంలోని జురాంగ్ ఈస్ట్ తగిన చోటు. ఒకప్పుడు చిత్తడి నేలలూ రొయ్యల చెరువులూ ఉన్న జురాంగ్‌లో, ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ సంకల్పంతో 1961లో పారిశ్రామికవాడ పని మొదలైంది. జురాంగ్ ఈస్ట్ రైలు స్టేషన్ 1988 నవంబరు 5న తెరుచుకుంది. 1990లో అక్కడి నుంచి ఉత్తరంగా మరో మార్గం కలిసి, అది రెండు రైలు మార్గాల కూడలి అయింది. 24 స్టేషన్లతో 24 కిలోమీటర్ల పొడవున నిర్మిస్తున్న జురాంగ్ ప్రాంతీయ మార్గం కూడా అక్కడే కలవనుంది.

ఇలాంటి రవాణా వెనకున్న ధర్మాన్ని తూచడానికి ఒక ఉపనిషత్ కథ అక్కరకొస్తుంది. బృహదారణ్యకోపనిషత్తులో ప్రజాపతి ఒకే అక్షరంతో దేవతలకు దమాన్నీ, మనుషులకు దానాన్నీ, అసురులకు దయనూ ఉపదేశించాడు. దమమంటే కోరికను అదుపులో పెట్టుకోవడం. సింగపూర్ రవాణా విధానానికి పునాది దమమే. రోడ్లే దేశపు నేలలో సుమారు 12 శాతం ఆక్రమించిన ఆ చిన్న ద్వీపంలో, 1975 నుంచి నగర కేంద్రంలోకి రద్దీవేళ వచ్చే కార్లకు రుసుము విధించారు. 1990 నుంచి కొత్త వాహనం కొనాలంటే పదేళ్లు చెల్లే అర్హతాపత్రాన్ని వేలంలో పొందాలన్నారు. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్యలో పెరుగుదలను సున్నాకు దించారు. అందరిదైన వనరును ఎవరికి వారు మరికాస్త వాడుకుంటూ పోతే చివరికి అందరూ నష్టపోతారని జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో చేసిన హెచ్చరికకు, ఆచరణలో దొరికిన జవాబుల్లో ఇదొకటి.

అయితే ఇక్కడ గట్టి ఆక్షేపణ ఒకటుంది. అర్హతాపత్రం ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటిన సందర్భాలున్నాయి కనుక, ఈ నిగ్రహం ధనికుడికి వెసులుబాటుగానూ పేదవాడికి నిషేధంగానూ మారుతుంది; ఒకరు పాటించి మరొకరు కొనుక్కుని తప్పించుకునే నియమాన్ని దమమని పిలవడం కష్టం. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానం దానంలో ఉంది: కారు లేనివాడు ఎక్కే రైలూ బస్సూ కారున్నవాడు కూడా మనసారా ఎంచుకునేంత మేలైనవైతేనే, తీసుకున్నదానికి తగినది తిరిగి ఇచ్చినట్లవుతుంది.

ఆ దానానికి 2016లో సింగపూర్ కొత్త రూపమిచ్చింది. బస్సులూ డిపోలూ ప్రభుత్వ ఆస్తిగా ఉంటాయి, టికెట్ల రాబడి ప్రభుత్వానికి చేరుతుంది, నడిపే సంస్థకు నడిపినందుకు నిర్ణీత రుసుము అందుతుంది. జురాంగ్ ఈస్ట్ బస్ కూడలిని కూడా కలుపుకొన్న బులిమ్ బస్సు మార్గాల విభాగంతోనే ఈ పద్ధతి ఆరంభమైంది. ఇందులోని తాత్త్విక సారం గమనించదగినది: ఒక మార్గంలో ఎంత వసూలైందన్న లెక్కకూ, ఆ మార్గంలో బస్సు తిరగాలా వద్దా అన్న నిర్ణయానికీ ఉన్న ముడి వదులైంది. బావి తవ్వించినవాడు చేదకింతని లెక్కగట్టడు. పూర్తధర్మానికి ప్రమాణం దాహం తీరడమే.

మూడవదైన దయకు అసలు పరీక్ష పల్లెలో జరుగుతుంది. సింగపూర్ నగరమే దేశం కనుక దాని పద్ధతిని తెలుగు జిల్లాల మీద యథాతథంగా పరచడం కుదరదు; కారు లేని పల్లెవాసికి దమం బోధించడంలో అర్థం కూడా లేదు. తెలుగువారికి మాత్రం ఈ విషయంలో సొంత వారసత్వముంది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే శాఖ 27 బస్సులతో ఆరంభించిన ప్రభుత్వ రవాణా, కాలక్రమంలో ఆర్టీసీగా ఎదిగి, పల్లెవెలుగు పేరుతో మారుమూల ఊళ్లకు చేరింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకాలు మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించాయి. ఇవి నిస్సందేహంగా దానమే. కానీ బస్సే రాని ఊరి ఆడపడుచుకు ఉచిత టికెట్ వల్ల ఒరిగేదేమీ లేదు. పొద్దున ఒక్క బస్సు తప్పితే బడీ, ఆసుపత్రీ, కూలిపనీ తప్పిపోయే ఊళ్లో, నలుగురి కోసమైనా వేళకు బస్సు నడపడమే దయ.

కాకతీయుల కాలంలో తవ్వించిన రామప్ప, పాకాల చెరువులు 800 ఏళ్లుగా పొలాలు తడుపుతూనే ఉన్నాయి. సుస్థిరత అన్న మాటకు తెలుగు నేల మీద అంతకన్నా స్పష్టమైన వ్యాఖ్యానం అక్కర్లేదు. 2030 నాటికి ప్రజారవాణా బస్సుల్లో సగం విద్యుత్తుతో నడవాలని సింగపూర్ పెట్టుకున్న లక్ష్యమైనా, తెలుగు రాష్ట్రాలు కొంటున్న విద్యుత్ బస్సులైనా, ఇంకా పుట్టనివారికి తీర్చవలసిన ఋణంలో భాగంగా చూసినప్పుడే నిలుస్తాయి. కాబట్టి పల్లె బస్సును నష్టాల పద్దులో రాసి రద్దుచేసే ముందు, పూర్వులు ఆ చెరువులను నష్టమని పూడ్చలేదన్న సంగతిని పాలకులు తలచుకోవాలి. బస్సు ఎక్కగలిగిన ప్రతి పౌరుడూ వారానికి ఒక్కరోజైనా తన బండిని ఇంటి దగ్గర వదిలి, అందరిదైన దారిలో తన వంతు చోటును ఇతరులకు విడిచిపెట్టాలి.